కౌంటర్ వెనక నిలబడబోయే నీకు

చిట్టితల్లీ,

హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నీ దారే పట్టిందక్కా" అని నిట్టూర్చింది కూడా. ముందు పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక గుండెలో రాయి పడింది. ఇరవై రెండేళ్లు ఆ కౌంటర్ వెనక నిలబడ్డదాన్ని, అక్కడ ఏమేం వినాల్సి వస్తుందో నాకు తెలుసు కదా.

తేలికవి ముందు చెప్పేస్తాను. అరిచేవాళ్లను మధ్యలో ఆపకు. నీ గొంతు వాళ్లకంటే ఒక మెట్టు కిందే ఉంచు. రూమ్ ఇరవై నిమిషాల్లో సిద్ధమవుతుందంటే అరగంట అని చెప్పు. రూమ్ నంబర్ పైకి చదవకు, కీకార్డ్ కవర్ మీద రాసి చూపించు. పక్కన ఎవరు వింటున్నారో తెలీదు. తాగి గొడవ చేస్తున్న వాళ్ల గదికి ఒంటరిగా వెళ్లకు. ఈ చివరిది రెండుసార్లు చదువు.

కోపంగా వచ్చిన వాళ్లందర్నీ ఒకే గాటన కట్టెయ్యకు. కొందరు ఎలాగూ రారనే లెక్కతో, ఉన్న గదులకంటే ఎక్కువ బుకింగులు తీసుకోవడం మన పనిలో మామూలే. బుక్ చేసుకున్నవాళ్లంతా వచ్చేసిన రాత్రి ఆఖరున వచ్చినవాడికి గది ఉండదు, వేరే హోటల్‌కి పంపాలి. పగలంతా ప్రయాణం చేసొచ్చిన మనిషి అరవక ఏం చేస్తాడు? అక్కడ "మా రూల్ అండీ" అన్నావో, నేనే వచ్చి నీ చెవి మెలేస్తాను. ముందు ఇంకోచోట గది ఖాయం చేసి, వెళ్లడానికి బండి పిలిచి, అప్పుడు నోరు విప్పు.

ఇక నా తప్పు సంగతి. మీ అమ్మకి కూడా ఇది తెలీదు.

కొత్తగా డ్యూటీ మేనేజర్‌నైన రోజులు. పొద్దున్నే చెక్ అవుట్ రద్దీ. మినీ బార్ బిల్లు, అదే గదిలోని చిన్న ఫ్రిజ్‌లోంచి తీసుకున్న వాటి బిల్లు, తనది కాదని ఒకాయన కౌంటర్‌లో ఉన్న పిల్ల మీద విరుచుకుపడుతున్నాడు. నీ వయసే ఉంటుంది. హౌస్ కీపింగ్ వాళ్ల చీటీ ఆమె దగ్గరే ఉంది, లెక్క సరిగ్గానే ఉంది. దాన్ని బొటనవేలితో కౌంటర్‌కి అదిమిపెట్టి నా వైపు చూసింది. నేను చీటీ చూడలేదు, వెనకున్న క్యూ చూశాను. "చూసుకోవద్దా అమ్మా?" అని ఆయన ముందే ఆమెను కసిరి, బిల్లులోంచి ఆ డబ్బు తీసేసి, ఆమెతోనే సారీ చెప్పించాను. రెండు నిమిషాల్లో లైను కదిలింది. బాగా హ్యాండిల్ చేశావని మెచ్చుకున్నారు కూడా. లాగ్‌బుక్‌లో ఆమె చేతే రాయించాను: "గెస్ట్ శాంతించారు."

తర్వాతి నెల ఆయన మళ్లీ వచ్చాడు. రెండో కౌంటర్ ఖాళీగా ఉన్నా తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లాడు. ఈసారి గొడవ బిల్లు మీద కాదు, ఆమె నడక మీద మాటలు. ఆ పిల్ల వెనక ఎవరూ లేరని ఆయనకి నేర్పింది నేనే. మూడోసారి బుకింగుల్లో ఆయన పేరు కనబడిన రోజు ఆమె సెలవు పెట్టింది. ఇక రాలేదు. ఆ పేజీలో ఆమె గుండ్రటి అక్షరాలు నాకు ఇంకా కళ్లకు కడుతూనే ఉంటాయి.

అందుకే, చేరిన వారంలోనే కనిపెట్టు: మీ మేనేజర్ పిలిస్తే వస్తారా, వస్తే ఎటు నిలబడతారు అని. "ఇబ్బంది కలిగినందుకు సారీ" అని వెయ్యిసార్లు అను, నీ సొమ్మేం పోదు. చెయ్యని తప్పు చేశానని మాత్రం అనకు. నీ ఒంటి గురించి మాట్లాడినా, చెయ్యి వేసినా వెంటనే వెనక్కి జరిగి మేనేజర్‌ని పిలువు. తర్వాత టైముతో సహా, అన్న మాట అన్నట్టే లాగ్‌బుక్‌లో రాయి. మర్యాదగా మార్చి రాయకు.

"అతిథిది ఎన్నడూ తప్పు కాదు" అనే మాట సెజార్ రిట్జ్ అనే పాతకాలపు పేరుమోసిన హోటల్ పెద్ద పేరు మీద ట్రైనింగులో నీకు కూడా చెప్తారు. 1902లో ఇంగ్లండ్ ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకం రెండు రోజుల ముందు వాయిదా పడితే, దానికోసం లండన్‌లో తన హోటల్‌ని సిద్ధం చేసుకున్న ఆ మహానుభావుడే కుప్పకూలిపోయాడు, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. ఈ సంగతి మాత్రం చెప్పరు.

మెత్తటి బూట్లు కొనుక్కో. నైట్ షిఫ్ట్ దిగాక ఫోన్ చెయ్యి, టైము చూసుకోకు. రిటైరై ఆరేళ్లయినా నాకు నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. ఎవరేమన్నా, అన్నది అన్నట్టే నాకు చెప్పు.

మీ పెద్దమ్మ