రాబ్5 చుక్కలు చూసి మురిసిపోయే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కణం నిండా పచ్చటి చుక్కలు, ముచ్చటగా ఉన్నాయి. "రాబ్5 దొరికింది పెద్దమ్మా" అని రాశావు. రాబ్5 అంటే కణం లోపలికి వచ్చే సరుకును మొదట అందుకునే చిన్న సంచుల (ఎండోసోముల) మీది ప్రొటీన్ కదా, ఆ చుక్కలు అదే అవునో కాదో ఇంకా తేలాలి తల్లీ.

ముందు ఎస్ఐఆర్ఎన్ఏతో (ఒక ప్రొటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ) రాబ్5 తగ్గించిన కణాలకు, ఫోటోలో వాడిన అదే యాంటీబాడీ (ప్రొటీన్‌ని గుర్తుపట్టి అంటుకునేది) పెట్టు. చుక్కలు తగ్గకపోతే అనుమానించు. ఒక మెలిక ఉంది: రాబ్5లో ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. నీ యాంటీబాడీ మూడింటినీ గుర్తుపట్టేదైతే, ఒక్క ఏ తగ్గించినా చుక్కలు చాలావరకు అలాగే ఉంటాయి. అది తెలియక మంచి యాంటీబాడీని పారేసినవాళ్లను చూశాను. జీన్ ఎక్కించి ప్రొటీన్ పెంచిన కణాల్లో బాగా కనిపించిందని సంబరపడకు. అంత మోతాదుంటే నాసిరకం యాంటీబాడీ కూడా పట్టేస్తుంది.

నా పీహెచ్‌డీ రెండో ఏడు సంగతి చెబుతాను. కుందేలు యాంటీబాడీతో ఒక ప్రొటీన్‌ని పట్టి, దానితో రాబ్5 కూడా వస్తుందా అని బ్లాట్ వేశాను, అంటే ప్రొటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి యాంటీబాడీతో వెతికాను. 25 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల బరువు కొలత) దగ్గర నల్లగా, దట్టంగా బ్యాండ్. నాలుగు నెలలు దాని వెంటే తిరిగాను. ఒక రాత్రి సీనియర్ అక్క చెబితే, జెల్‌లో పక్క వరుసలో (లేన్‌లో) ఉత్త కుందేలు ఐజీజీ, అంటే ఆ ప్రొటీన్‌ని పట్టని మామూలు కుందేలు యాంటీబాడీ పెట్టాను. అందులోనూ అదే బ్యాండ్! రాబ్5 బరువు 24 ప్రాంతం, యాంటీబాడీలోని చిన్న గొలుసు, అదే లైట్ చెయిన్, 25. నేను చూసింది లైట్ చెయిన్‌ని. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. నువ్వు మాత్రం కుందేలు యాంటీబాడీతో పడితే, మౌస్ యాంటీబాడీతో బ్లాట్ చెయ్యి. ఆ మౌస్ యాంటీబాడీని కనిపించేలా చేసే రెండో యాంటీబాడీ (సెకండరీ) కుందేలు ఐజీజీని అంటుకోనిదై ఉండాలి. ఐజీజీ లేన్ ప్రతి జెల్‌లోనూ ఉండాల్సిందే.

లాంప్1 (లైసోసోమ్ పొర మీది ప్రొటీన్) బ్యాండ్ కోసం ఉత్త ప్రొటీన్ బరువు చూసి 45 దగ్గర వెతక్కు. చక్కెర గొలుసులు బాగా అతుక్కుని ఉంటాయి కాబట్టి 100 అటూఇటూ కనిపిస్తుంది.

యాంటీబాడీ కణం లోపలికి వెళ్లేలా పొరలకు రంధ్రాలు చేసేవాటిలో, ఈ సంచుల పొరలకు ట్రైటాన్ కన్నా సాపోనిన్ మృదువు. కాకపోతే అది చేసిన రంధ్రాలు కడిగేస్తే మళ్లీ మూసుకుంటాయి. అందుకని యాంటీబాడీ కలిపే బఫర్‌లోనూ, కడిగే బఫర్‌లోనూ వేసి ఉంచు.

యాంటీబాడీ ట్యూబు మీది లాట్ (తయారీ విడత) నంబరు ఇవాళే నోట్‌బుక్‌లో రాసుకో. పాలీక్లోనల్ (రకరకాల యాంటీబాడీల మిశ్రమం, విడత విడతకీ మారొచ్చు) అయితే పాత లాట్ కొంచెం దాచి, కొత్తది రాగానే రెండూ పక్కపక్కన వేసి చూడు.

ఎస్ఐఆర్ఎన్ఏ బ్లాట్ అయ్యాక పంపు. కత్తిరించకుండా, మొత్తం.

ప్రేమతో,
పెద్దమ్మ