కొరివి కారం అమ్మాలని ఉంది

ప్రశ్న: మాది నరసరావుపేట. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా అత్తగారి చేతి కొరివి కారం, అంటే పండుమిర్చి పచ్చడి, రుచి చూసిన వాళ్లంతా ఒక సీసా ఇమ్మని అడుగుతుంటారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మాత్రం దాన్నే పల్చగా చేసి, వినెగర్ కలిపి, హాట్ సాస్ అని సన్నమూతి సీసాల్లో పెడితే కుర్రవాళ్లు ఎగబడి కొంటారంటున్నాడు. సంక్రాంతి తర్వాత సెలవు రోజుల్లో మొదలుపెట్టాలని ఉంది. యాభై కిలోల పండుమిర్చికి ఒక రైతుతో మాట్లాడాను. పావుకిలో సీసా 80 రూపాయలకు ఇస్తే గిట్టుబాటవుతుందా? అనుమతులేమైనా కావాలా?

జవాబు: ముందు ఆ రైతుకు ఫోను చేసి యాభైని పది చేయండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

తెనాలిలో మా ఇంటి వెనక వసారాలో పదహారేళ్లు ఇదే పని చేశాను. పండుమిర్చి మన తీరిక చూసి ఆగదు. గోనె సంచిలో రెండు రోజులు ఉంచితే అడుగు కాయలు చెమర్చి మెత్తబడతాయి. ఆదివారం యాభై కిలోలు దింపించుకుని సోమవారం మీరు బడికి వెళితే, వచ్చేసరికి సగం ఏరి పారేయాల్సి వస్తుంది.

కాయను తొడిమతోనే కడగాలి. తొడిమ తీసి కడిగితే ఆ కన్నంలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. నెల తిరిగాక బూజు రూపంలో బయటపడేది ఆ నీళ్లే. కడిగాక పాత పంచె మీద ఒక్క వరసగా పరిచి, నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వాలి. ఆ తర్వాత ఒక్కొక్క కాయనూ పొడి గుడ్డతో తుడిచి, తొడిమ తుంచి, మచ్చ ఉన్నదాన్ని పక్కన పడేయాలి. పది కిలోలకే ఇద్దరు మనుషులకు ఒక పూట పడుతుంది. చేతులకు ముందే నూనె రాసుకోండి. కారం నూనెలో కరుగుతుంది కానీ నీళ్లలో కరగదు కనుక, మంట మొదలయ్యాక కుళాయి కింద ఎంతసేపు పెట్టినా లాభం లేదు. మళ్లీ నూనె రుద్ది, సబ్బుతో కడుక్కోవాలి. ఒకసారి ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. ఆ పూట సంగతి ఇక్కడ రాయను.

రకం మాటకొస్తే, తేజ మిర్చికి ఘాటెక్కువ, కండ తక్కువ. పచ్చడికి కండ ఉన్న కాయ కావాలి. మీ అత్తగారు ఏ కాయ వాడితే అదే వాడండి. పేరున్న రకమని మార్చకండి.

ఉప్పు దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. కిలో కాయకు 200 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల గింజ తీసిన చింతపండు మా ఇంటి లెక్క. రెండో ఏడాది ఒకరిద్దరు ఉప్పెక్కువైందన్నారని 120కి తగ్గించాను. మూడు వారాలకు ఒక ఇంటి నుంచి ఫోను: మూత తీయగానే పచ్చడి బుస్సుమని పొంగిందట. నా దగ్గర మిగిలిన సీసాలు తెరిచి చూస్తే, కొన్నింటిలో మూత కింద తెల్లగా తెట్టు కట్టి ఉంది. ఉప్పు చాలక లోపల పులియడం ఆగలేదు, గాలి పోయే దారి లేదు. నలభై సీసాల డబ్బు ఇంటింటికీ తిరిగి ఇచ్చేశాను. ఉప్పెక్కువైందన్న వాళ్లకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ కలుపుకోమని చెప్పడం ఆ తర్వాత నేర్చుకున్నాను. అన్నట్టు, రేకు మూతలు వద్దు. ఉప్పూ పులుపూ కలిసి వాటిని తినేస్తాయి.

మీ అబ్బాయి చెప్పేది తీసిపారేసే ఆలోచన కాదు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని ఏవరీ దీవిలో 1868 నుంచి చేస్తున్న టబాస్కో సాస్‌కు కూడా మొదలు పండుమిరపకాయే. దాన్ని ఉప్పుతో నూరి, ఓక్ పీపాల్లో మూడేళ్ల దాకా మాగబెట్టి, ఆ పైన వినెగర్ కలిపి వడకడతారు. మీ అత్తగారి జాడీలో జరిగేదీ దాదాపు అదే. కానీ పల్చబరిస్తే కాయ చెడకుండా కాపలా కాసే ఉప్పూ పులుపూ తగ్గుతాయి. అందులో నీళ్లు, వెల్లుల్లి కూడా చేరితే పులుపు కొలవకుండా అమ్మడం ప్రమాదం. పులుపును చెప్పే కొలత పీహెచ్, పులుపు తగ్గేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అది 4.6 దాటితే ప్రాణాలు తీసే బొటులిజం సూక్ష్మజీవి పెరిగే వీలుంటుంది. మీటరు కొని, 4కు లోపల ఉందని ప్రతి విడతలోనూ చూసుకోగలిగితే రెండో ఏడాది సాస్ చేయండి. మొదటి ఏడాది మాత్రం అత్తగారికి కంటి చూపుతో తెలిసిన వస్తువే చేయండి.

ఇక ధర. కింది ధరలు ఊరినిబట్టి, రోజునుబట్టి మారతాయి, మీ అంకెలు మీరు వేసుకోండి. పది కిలోల కాయ 800, రెండు కిలోల చింతపండు 400, ఉప్పు 50, రెండు లీటర్ల నువ్వుల నూనె 800, మెంతులు, ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి 200, గ్యాసూ కరెంటూ 150. గిన్నెకూ గరిటెకూ అంటుకున్నది పోగా 55 పావుకిలో సీసాలు వస్తాయనుకుందాం. సీసాలకు 1100, లేబుళ్లకు 165. మొత్తం 3,665. సీసాకు 67 రూపాయలు. 80కి అమ్మితే 13 మిగిలిందని మీకు అనిపిస్తుంది. మరి మీరిద్దరూ చెరో పన్నెండు గంటలు చేసిన పని? గంటకు 60 చొప్పున వేసినా 1,440. సీసా 93కు చేరింది. 150 పెట్టండి. దుకాణం నాలుగో వంతు తీసుకుంటే మీ చేతికి 112 వస్తుంది. అందులోనే పగిలినవి, కారినవి, బంధువులు డబ్బివ్వకుండా పట్టుకెళ్లినవి. ఈ చివరి పద్దుకు నేను వేరే పుస్తకమే పెట్టాల్సి వచ్చింది!

అనుమతుల్లో మీరు మొదట చూడాల్సింది మీ ఉద్యోగాన్ని. 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. అత్తగారి పేరుతో పెట్టి స్టాఫ్ రూములో మీరే అమ్మితే ఎవరో ఒకరు అర్జీ రాస్తారు. ఆవిడ పేరు మీదే పెట్టినా, సంగతి పై అధికారికి కాగితం మీద తెలియజేసి, అమ్మకం పని ఇంట్లో మరొకరికి అప్పగించండి. ఇంట్లో చేసి అమ్మేవారికీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు, వాళ్ల ఫాస్‌కాస్ వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లిచ్చే 14 అంకెల నంబరు, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు, పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, ధర, చిరునామా, ఫోను నంబరు సీసా మీద ఉండాలి.

ఎన్నాళ్లు నిలవ ఉంటుందో లేబుల్ మీద ఊహించి రాయకండి. మొదటి విడతలో మూడు సీసాలు అమ్మకుండా అలమరలో పెట్టి, ఒకటి మేలో, ఒకటి ఆగస్టులో, ఒకటి డిసెంబరులో తెరవండి. అప్పటిదాకా మూడు నెలలనే రాయండి. తెరిచేటప్పుడు అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మూత తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టండి, మీరు మాత్రం ఏమీ అనకండి.