సైన్యంలో ఉన్న మీ తమ్ముడికి 56 ఏపీఓకి (ఆర్మీ పోస్టాఫీసుకి) పంపిన సంక్రాంతి పార్సెల్ తిరిగొచ్చిందా?

అడ్రస్‌లోనే తేడా. కేరాఫ్ 56 ఏపీఓ అని రాసి, కింద మళ్లీ లేహ్, లడఖ్ అని కూడా రాశానన్నారు కదా, అదీ సంగతి. ఏపీఓ అడ్రస్‌లో ఊరి పేరు రాయకూడదు.

1. మీ తమ్ముడి సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు. దాని కింద యూనిట్, ఆ కింద కేరాఫ్ 56 ఏపీఓ. అంతే.

2. చాలామంది వదిలేసేది పిన్. 9తో మొదలయ్యే ఆరంకెల ఆర్మీ పిన్ కావాలి. యూనిట్ మారితే అదీ మారుతుంది, కాబట్టి పోయినేటి కవరు చూసి ఎక్కించకండి, తమ్ముణ్నే అడగండి. నేనోసారి పాత పిన్ వేసి పంపాను. మా సున్నుండలు ఎవరు తిన్నారో ఇప్పటికీ తెలీదు!

3. ప్రైవేటు కొరియర్ వద్దు, పోస్టాఫీసులోనే ఇవ్వండి.

4. అరిసెలు నూనె బాగా వత్తేసి, రాత్రంతా ఆరాకే డబ్బాలో సర్దండి. వెచ్చగా ఉండగా మూత పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది. అక్కడి చలికి గట్టిపడితే పెనం మీద కాస్త వెచ్చబెట్టుకోమనండి.

5. మంచు పడితే లడఖ్ వెళ్లే జోజీలా కనుమ దారి మూసేస్తారు. డిసెంబరు మొదటి వారంలోనే పోస్టు చేసేయండి.