చెంచు పిల్లల మీద సర్వేకు వెళ్తున్నారా? ముందు ప్రశ్న మార్చండి

ఆత్మకూరు వైపు చెంచు గూడేల్లో "పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారు" అని ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తున్నానన్నారు, పిల్లలను నొప్పించకుండా ఎలా అడగాలన్నారు. నల్లమలలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

"ఎందుకు మానేశావ్" అనడంలోనే తప్పు పిల్లోడిదని తేల్చేశారు. బడి వాళ్ళతో ఎలా ఉందో కనుక్కోండి. ఏ వరసలో కూర్చోబెడతారు? పేరుతో పిలుస్తారా, "ఒరే చెంచోడా" అంటారా? వాళ్ళదీ తెలుగే, అయినా నోరు తెరిస్తే యాస అని నవ్వేవాళ్ళున్నారు. అహోబిలంలో చెంచులక్ష్మికి దండం పెట్టుకుని, బస్సులో చెంచామె పక్కన సీటున్నా నిలబడే వచ్చేవాళ్ళను చూశా.

ఒకసారి ఏదో కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు పిల్లలను వరసగా నిలబెట్టి "మధ్యాహ్నం ఏం తిన్నారు" అన్నారు. హెడ్మాస్టరు పక్కనే ఉన్నాడు. అందరూ "గుడ్డు సార్" అన్నారు. ఆ రోజు గుడ్డు లేదు! టీచర్లు లేని చోట, పిల్లలు ఆడుకునే చోట కూర్చోండి. రికార్డరు వాళ్ళ చేతికే ఇచ్చి, ఎలా ఆపాలో చూపించండి.

అనుమతి మాటకొస్తే, హెడ్మాస్టరు సంతకం, అమ్మ వేలిముద్ర ఉన్నా సరిపోదు, పిల్లలు వెనకాడితే అక్కడితో ఆపేయాలి. పిల్లలు అడవి దారి బొమ్మ గీస్తుంటే తేనెపట్టు ఎక్కడని ఒక పాపను అడిగా. "మా నాయన్నడగల్ల సార్" అంది. అక్కడితో ఊరుకున్నా. ఆ అడవి పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తేనె తీసుకునే హక్కు వాళ్ళకు ఉన్నా, ఫలానా వాగు పక్కన తీస్తారని మీ పుస్తకంలో అచ్చయితే రేపు ఫారెస్టోళ్ళతో తంటా పడేది వాళ్ళు. గూడెం పేరు, చోటు పేరు రాయకండి. చింపిరి జుట్టు ఫోటోలు అసలే వద్దు.

గూడెంలో పదో, ఇంటరో చదివినవాళ్ళు ఉంటారు. వాళ్ళను దారి చూపడానికి వాడుకుని వదిలేయకండి. ప్రశ్నలు తయారు చేసేటప్పుడే కూర్చోబెట్టుకోండి, కూలి ఇవ్వండి, ఒప్పుకుంటే మీ పక్కన వాళ్ళ పేరూ వేయండి. రాసింది యూనివర్సిటీకి ఇచ్చేముందు గూడెంలో చదివి వినిపించండి. తీసేయమన్నది తీసేయాలి, యూనివర్సిటీలో మీ ప్రాజెక్టు గైడు ఒప్పుకోకపోయినా సరే.

తేనె తీసే రోజుల్లో మాత్రం వెళ్ళకండి, ఇళ్ళ దగ్గర ఎవరూ దొరకరు.