గడీ ముందు చెప్పులు
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తున్నాను. ఈ ఏడాది ప్రాజెక్టు పనిగా, నిజాం కాలపు వెట్టిచాకిరీ మీద ఒక్కొక్కరు మూడు నిమిషాల సినిమా సన్నివేశం రాయాలని చెప్పాను. ఇరవై ఆరు మంది రాసి ఇచ్చారు. దాదాపు అన్నింటిలోనూ దొర మీసం మెలేస్తాడు, కొరడా ఝళిపిస్తాడు, రైతు 'నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త' అంటూ కాళ్ల మీద పడతాడు, ఇంతలో ఒక యువకుడు వచ్చి పేజీన్నర ఉపన్యాసం ఇస్తాడు. పిల్లల ఆవేశం నిజమైనదే గాని సన్నివేశాలు మాత్రం నిజమనిపించడం లేదు. వాళ్ల ఉత్సాహం చల్లారకుండా ఎలా దిద్దాలి?
– తెలుగు అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: మీ విద్యార్థులు చేసిన పొరపాటే ఒకప్పుడు నేనూ చేశాను. ముప్పై ఏళ్ల కింద ఒక కాలేజీ వార్షికోత్సవానికి రాసిన నాటికలో నా దొర కూడా మీసం మెలేశాడు. జనగామ పక్క పల్లెలో పుట్టి పెరిగిన మా అమ్మ ముందు వరుసలో కూర్చొని అది చూసింది. ఇంటికి వచ్చినంక, "మా ఊరి దొరకు మీసాలే ఉండకపోయేరా. గట్టిగ మాట్లాడంగ నేనెన్నడు ఇనలే. గాయన దగ్గితె సాలు, వాడంత సప్పుడు బందయ్యేది" అన్నది. నా నాటిక మొత్తం కంటే ఆ దగ్గు బరువైనదని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ బతుకు బతికినవాళ్లకు అన్యాయం ఒకనాడు జరిగిన సంఘటన కాదు, అది ఊరి రివాజు. కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, మంగలి రాత్రిపూట కాళ్లు పిసకాలి, గొల్ల మందలోంచి గొర్రెను తోలాలి, గీసేవాళ్లు కల్లు పోయాలి, దొర కచ్చురం బండిలో పోతుంటే దాని ముందు ఒక మనిషి పరుగెత్తాలి. ఇవన్నీ కులాల వారీగా పంచిపెట్టి ఉన్న పనులు గనుక ఎవరినీ రోజూ కొట్టి చేయించవలసిన అవసరం లేదు. కొరడా గోడకు వేలాడుతూ ఉన్నా పనులు సాగిపోవడమే ఆ ఏర్పాటుకున్న బలం. కొరడాతో మొదలుపెట్టిన విద్యార్థి ఆ బలాన్ని చూడలేడు, ఒక చెడ్డ మనిషిని మాత్రమే చూస్తాడు.

అందుకే ఈసారి ఒక్క షరతు పెట్టి మళ్లీ రాయించండి: సన్నివేశంలో దొర కనిపించకూడదు, అతని గొంతు కూడా వినిపించకూడదు. గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాని ముందునుంచి పోయేవాళ్లు చెప్పులు విప్పి పోవలసిన ఆచారం గురించి మీ విద్యార్థులు వినే ఉంటారు. దానిని ఇలా రాయవచ్చు.

బయట. గడీ పక్కనున్న బాట. సాయంత్రం.
అంగడి నుంచి వస్తున్న ఒక మనిషి. నెత్తి మీద ఉప్పు మూట. కాళ్లకు కొత్త చెప్పులు, కిర్రు కిర్రుమంటున్నాయి. వెనక ఆరేళ్ల కొడుకు ఆ చప్పుడును నోటితో చేస్తూ నడుస్తున్నాడు. గడీ గోడ మొదలవుతుంది. మనిషి ఆగుతాడు. ఒక చేత్తో మూట పట్టుకొని, వంగి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకుంటాడు. గడీ తలుపు మూసి ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. గోడ పొడవునా వట్టి కాళ్లతో నడుస్తాడు. పిల్లవాడి నోటి చప్పుడు ఆగిపోయింది.
కొడుకు: నాయినా, ఎవ్వల్లేరు గదనే.
తండ్రి పలకడు. గోడ అయిపోతుంది. చెప్పులు కింద వేస్తాడు. కాలు పెట్టబోయి, ఒకసారి వెనక్కి చూస్తాడు.

ఇది గొప్ప సన్నివేశమని నేను అనడం లేదు. ఇందులో తిట్టు లేదు, దెబ్బ లేదు, కన్నీరు లేదు, అయినా చూస్తున్నవాడికి ఆ గోడ ఎవరిదో, ఆ వంగడం ఎన్నేళ్ల నుంచి అలవాటైందో తెలిసిపోతుంది. 'ఇందులో పోరాటమేదీ' అని ఒక విద్యార్థి తప్పకుండా అడుగుతాడు. పిల్లవాడి ప్రశ్నను చూపించండి. తండ్రి దానికి జవాబు చెప్పి ఉంటే సన్నివేశం అక్కడే చచ్చిపోయేది.

స్క్రీన్‌ప్లేలో కంటికి కనిపించేది, చెవికి వినిపించేది మాత్రమే రాయాలన్న మొదటి నియమం ఇటువంటి విషయాల్లో మరీ అవసరం. 'తరతరాల బానిసత్వాన్ని తలచుకొని కుమిలిపోయాడు' అన్న వాక్యం వ్యాసంలో బాగానే ఉంటుంది, కాని కెమెరా పట్టుకున్నవాడు దానిని ఎలా తీస్తాడు? అంకెలతోనూ ఇదే చిక్కు. పెద్ద భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 గ్రామాలు, 40,000 ఎకరాలు ఉండేవని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. 40,000 ఎకరాలు తెర మీద కనిపించవు. తెల్లవారుజామున బయల్దేరిన ఒక బాటసారి దారిలో మూడుచోట్ల 'ఈ చెలక ఎవలది' అని అడిగి, మూడుచోట్లా ఒకే పేరు విని, పొద్దు గుంకేటప్పటికి నాలుగోసారి అడగకుండా నడిచిపోతే ఆ అంకె కనిపిస్తుంది.

మాటల విషయంలో కాస్త కఠినంగానే ఉండండి. 'బాంచెన్' ఒక సన్నివేశంలో ఒక్కసారి వస్తే గుండెలో దిగుతుంది, పదిసార్లు వస్తే అది నకలు చేసినట్టుంటుంది. దొర చేత పుస్తకాల తెలుగు, రైతు చేత మాత్రమే మన యాస పలికించే పాత అలవాటును మాన్పించండి, ఎందుకంటే ఇద్దరిదీ ఒకే నేల, ఒకే భాష, తేడా అంతా ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నదానిలోనే ఉంది. వడ్లను కిలోల్లో కొలిచినవాళ్లను వెనక్కి పంపండి. శేరు, మానిక, కుంచం, పుట్టి అన్న మాటలు ఇంట్లో ముసలివాళ్లను అడిగితే దొరుకుతాయి. డబ్బు నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలో ఉండాలి. కచేరీలోనూ కోర్టులోనూ కాగితం ఉర్దూలో ఉంటుంది, తనకు చదవరాని కాగితం మీద వేలిముద్ర వేస్తున్న రైతు వేలును దగ్గరగా చూపిస్తే దానికదే ఒక సన్నివేశం.

ఉపన్యాసాల సంగతి. పాలకుర్తి చాకలి ఐలమ్మ మీద మీకు వచ్చిన కాగితాల్లో ఆమె చేత పెద్ద పెద్ద మాటలు మాట్లాడించే ఉంటారు. ఆమె కౌలుకు దున్నిన పొలంలో పండిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అండగా నిలిచి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఇక్కడ ఆమె మాట్లాడవలసిన పని లేదు. పొలం నుంచి ఇంటిదాకా నడిచిన వడ్ల బస్తాలే మాట్లాడతాయి. బస్తాను ఎవరు ఎత్తారు, వాకిట్లో ఎక్కడ దింపారు, మొదటి గింజలు ఏ గిన్నెలో పోశారు అన్నవి రాయమనండి. కుదిరితే బస్సులో పాలకుర్తికి తీసుకుపోండి. ఒక్క పూట పని.

ప్రశ్న: పరకాల దగ్గర ఒక బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలు 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద జరిగిన కాల్పుల గురించి సన్నివేశాలు రాశారు. చదువుతున్నప్పుడు ఇద్దరు ముస్లిం పిల్లలు తలలు దించుకొని కూర్చున్నారు. మా తరగతిలో ఒక పాత దొరల కుటుంబపు అమ్మాయి కూడా ఉంది. ఈ విషయం వదిలేయడమే మంచిదా?
– ఉపాధ్యాయుడు, పరకాల

జవాబు: వదిలేయకండి, కాని ముందు సగం చెప్పిన చరిత్రను పూర్తిగా చెప్పండి. విసునూరు దేశ్‌ముఖ్ హిందువు. అతని అండ ఉన్నవాళ్లతో భూమి కోసం కోర్టుల చుట్టూ తిరిగి, 1940లో హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దళాన్ని ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో హంతకుల చేతిలో చనిపోయిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి దిగిన పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపవలసి వచ్చిందన్నదీ ఈ చరిత్రలో భాగమే. ఇవి తెలిసిన తరగతిలో ఆ ఇద్దరు పిల్లలకు తల దించుకోవలసిన అవసరం రాదు. రాసే చోట 'రజాకార్లు' అన్న గుంపు మాటకు బదులు ఒక మనిషిని రాయమనండి: ఎవరి కొడుకు, జీతమెంత, ఆ పొద్దున ఏం తిని వచ్చాడు.

ఆ అమ్మాయిని సంజాయిషీ అడిగినట్టు చూడకండి. తనకు ఇష్టమైతే గడీ లోపలినుంచి రాయనివ్వండి. లోపల వంటింట్లో ఎవరు ఏ తలుపు దాటకూడదో ఆ పిల్లకు ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లోంచి తెలిసి ఉండవచ్చు, మనకు అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఒక్కటి మాత్రం ఖచ్చితంగా పాటించండి. సన్నివేశాన్ని చదివించేటప్పుడు, నటింపజేసేటప్పుడు, దళిత విద్యార్థికి వెట్టివాడి వేషం, ముస్లిం విద్యార్థికి రజాకారు వేషం ఇవ్వకండి. 'వాడికి బాగా నప్పుతుంది' అని పిల్లలు నవ్వుతూ అంటారు, నవ్వులో ఉన్నది వాళ్లకు తెలియదు.

ప్రశ్న: మా నాయనమ్మది బైరాన్‌పల్లి. 1948లో రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు ఆమెకు పదేళ్లు ఉంటాయి. ఆమె చెప్పినదాన్ని సన్నివేశంగా రాయాలనుకుంటున్నాను. పేర్లు వాడవచ్చా? చనిపోయినవారి సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది, ఏది రాయాలి? నాయనమ్మ మాత్రం ఎప్పుడు అడిగినా కొట్టంలో కట్టేసి ఉన్న బర్రె గురించే చెబుతుంది.
– డిగ్రీ విద్యార్థి, సిద్దిపేట జిల్లా

జవాబు: తేదీ, ఊరు, బురుజు మార్చకండి. 1948 ఆగస్టు 27, ఆ బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది, దాని మీద నుంచి ఊరివాళ్లు కాపలా కాసిన సంగతి అందరూ ఎరిగినదే. మామూలు మనుషుల పేర్లు మాత్రం మార్చండి, వాళ్ల మనవలు ఆ ఊళ్లోనే ఉన్నారు. మీరు కల్పించిన మాటలు కల్పించినవేనని మొదటి పేజీలోనే రాయండి. చనిపోయినవారి సంఖ్య మీకు అక్కరలేదు, ఎందుకంటే పదేళ్ల పిల్ల ఆ రోజు శవాలను లెక్కపెట్టి ఉండదు. మీ సన్నివేశం ఆమె కళ్ల ఎత్తున ఉంటుంది గనుక ఆమెకు కనిపించనిది తెర మీదికి రాకూడదు.

రాయబోయే ముందు నాయనమ్మ అనుమతి తీసుకోండి, రాసినంక ఆమెకు చదివి వినిపించండి. ఆమె వద్దన్న చోట కొట్టివేయండి. బర్రె సంగతి మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో వదిలేశారు. దానిని విప్పడానికి ఆ పిల్ల మళ్లీ కొట్టం దగ్గరికి వెళ్లిందా, లేదా? ముందు అది అడగండి.