మూకుట్లో అన్నం కలుపుకోకు

తెనాలి,
ఆదివారం

చిట్టి తల్లికి,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి నీ స్కానింగ్ సంగతి చెప్పాడు. గాల్ బ్లాడర్‌లో రాళ్లట, పిల్లాడి టెన్త్ పరీక్షలయ్యాక ఆపరేషన్ చేయించుకుంటావట, అప్పటిదాకా నూనె, నెయ్యి తగ్గించి తింటావట. నువ్వన్న మాట ఒకటి మహా గొప్పగా చెప్పాడు: "ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా నా వంట నేను విడిగా చేసుకుంటాను నాన్నా" అన్నావట. అన్నయ్య మురిసిపోయాడు. నేనూ కాసేపు మురిశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సరిగ్గా ఆ మాటే 1997లో నేనూ అన్నాను.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. వేపుళ్లు, పూరీలు, బజ్జీలు మానెయ్. చికెన్ తోలు తీయించు. పచ్చసొన పక్కన పెట్టు. పాల ప్యాకెట్ మీద వెన్న శాతం రాసి ఉంటుంది, ఫుల్ క్రీమ్ అయితే 6, డబుల్ టోన్డ్ అయితే 1.5. ఏది కొనాలో నీకు చెప్పక్కర్లేదు.

డాక్టర్లు చెప్పడం మర్చిపోయేది పచ్చళ్ల సంగతి. వేరుశనగ గింజల్లో దాదాపు సగం కొవ్వే, నువ్వుల్లోనూ అంతే. మనం నూనె క్యాన్ ఒక్కటే చూస్తాం. ఇడ్లీల మీద గరిటెడు పల్లీ చట్నీ పోసుకుని నూనె లేని టిఫిన్ తిన్నామనుకుంటాం. పల్లీల బదులు పుట్నాల పప్పు వేసి చెయ్యి, అందులో కొవ్వు బాగా తక్కువ. ఆవకాయ జాడీ అటకెక్కించు. నిమ్మకాయ ఊరగాయ నేను పంపిస్తాను, తిరగమోత లేకుండా.

అలాగని నూనె మొత్తం మానేసేవు! ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. ఉపవాసాలూ వద్దు. పూటలు ఎగ్గొట్టినా, గబగబా బరువు తగ్గినా రాళ్లు పెరుగుతాయే గానీ తరగవు. పోయిన కార్తీకంలో సోమవారాలన్నీ ఉపవాసమున్నావుగా, ఈసారి శివుడికి నేను చెప్పుకుంటాలే.

ఇక ఆ 1997 సంగతి. దసరా ముందు రాళ్లున్నాయని తెలిసింది. మీ మావయ్యకి వేపుడు లేనిదే ముద్ద దిగేది కాదు. మా అత్తగారికి నెయ్యి కావాలి, పిల్లలకి పూరీలు కావాలి. నా ఒక్కదాని కోసం ఇంతమంది నోళ్లు కట్టెయ్యడమెందుకని అందరికీ మామూలుగానే వండి, చివర్లో నాకో చిన్న గిన్నెలో సొరకాయ ఉడకేసుకునేదాన్ని. పది రోజులకి ఆ గిన్నె చూస్తేనే ఏడుపొచ్చేది. తర్వాత అదీ మానేశాను. చారన్నం, మజ్జిగన్నం. మొదట్లో అయ్యో అన్నవాళ్లు తర్వాత మర్చిపోయారు. వాళ్లననేం లాభం? అందరూ తిని లేచాక వంటింట్లో పీట వేసుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. నా కంచంలో ఏముందో చూసిందెవరు?

ఆకలి ఊరుకుంటుందా? ఒకరోజు దొండకాయ వేపుడు చేశాను. ముక్కలన్నీ వాళ్లకి వడ్డించేశాక మూకుడు అడుగున మాడీ మాడని కారం, నూనె మిగిలాయి. మీ నాయనమ్మ అందులో అన్నం వేసి కలిపి నీకో ముద్ద, నాకో ముద్ద పెట్టేది, గుర్తుందా? చెయ్యి ఆగలేదు. కూర తినలేదు కదా, ఏం కాదులే అనుకున్నాను. వేపుట్లో పోసిన నూనె ముక్కల్ని వదిలి చేరేది ఆ అడుక్కే అని ఇన్నేళ్లుగా వండుతున్నదాన్ని నాకే తట్టలేదు. తర్వాత అదే అలవాటైపోయింది.

ఓ అర్ధరాత్రి కుడి డొక్క కింద నొప్పి మొదలైంది. వీపులోకి, కుడి భుజంలోకి పాకింది. వాము నమిలాను, సోడా తాగాను, గోడకి ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఎవర్నీ లేపలేదు. ఎందుకో తెలుసా? లేపితే ఏం తిన్నావని అడుగుతారు, మూకుడు సంగతి చెప్పాల్సొస్తుంది. ఇద్దరు పిల్లల తల్లిని, దొంగతనం బయటపడుతుందేమోనన్నంత సిగ్గు! అలా మూడుసార్లు దాచాను. నాలుగోసారి చలిజ్వరం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. అది కామెర్లని, పక్క ఊళ్లో పసరు పోస్తారని ఎవరో అంటే వెళ్లి పోయించుకుని నాలుగు రోజులు పాడుచేశాను. చివరికి గుంటూరు తీసుకెళ్తే రాయి జారి పైత్యరస నాళంలో అడ్డం పడిందన్నారు. అప్పుడు కోసే తీశారు. నీ చిన్నప్పుడు "అత్తా, ఇదేంటి" అని వేలు పెట్టి అడిగేదానివే, జానెడు మచ్చ, అదే ఇది. నెలలోపే ఇంటికొచ్చినా మా చిన్నది నన్ను చూసి మా అత్తగారి కొంగు చాటుకి పోయింది.

మా అత్తగారు ఒకే మాటన్నారు: "ముందే నోరు తెరిచి చెప్తే నాలుగు నెలలు మేమూ చప్పిడి తినమా?" ఆవిడ మీద ఎన్నేళ్లుగానో పెట్టుకున్న కోపం ఆ పూటతో పోయింది.

గుంటూరు డాక్టరు చెప్పింది నీకూ చెప్తున్నాను. కొవ్వు కడుపులో పడ్డప్పుడల్లా ఆ గాల్ బ్లాడర్ తిత్తి ముడుచుకుని పైత్యరసాన్ని పేగులోకి వదులుతుంది. అప్పుడు రాయి మూతికి అడ్డం పడితే నొప్పి. నువ్వు తిండి మార్చినందువల్ల రాళ్లు కరగవు, నొప్పి రావడం తగ్గుతుందంతే. కాబట్టి గంటల తరబడి వదలని నొప్పి, జ్వరం, పచ్చ కళ్లు, వీటిలో ఏదొచ్చినా పరీక్షలూ గిరీక్షలూ అనకుండా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లు. పరీక్ష రాసేది వాడు, రాళ్లు నీవి.

విడి వంట పెట్టకు. అందరికీ ఒకటే వండు. మొన్న నెలకి ఐదు ప్యాకెట్ల నూనె అన్నావు. నలుగురికి ఐదు లీటర్లంటే మనిషికి రోజుకి 38 గ్రాములు. మీ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే 27 గ్రాములు చాలంటున్నారు. మూడు ప్యాకెట్లకి దించితే 23 అవుతుంది, అంటే ఐదు టీ చెంచాలు. నీకు అందులో ఎంతో మీ డాక్టరునే అడుగు. క్యాన్ వంచి పొయ్యకు, చెంచాతో కొలువు. దొండకాయలు ముందు ఆవిరి మీద మగ్గనిచ్చి ఇనప మూకుట్లో ఒక్క చెంచా నూనెతో తిప్పితే మీవాడికి తేడా తెలియదు. తెలిస్తే గోల చేస్తాడు, చెయ్యనీ. పులుసులకి నూనెతో పెద్ద పనే లేదు. పెళ్లి భోజనాలకి వెళ్తే ఇంట్లో కాస్త తిని వెళ్లు.

అందరితో కలిసి కూర్చుని తిను. వడ్డించడానికి వాళ్లకీ చేతులున్నాయి.

అల్లుడు గారికి ఈ ఉత్తరం చూపించమనే చెప్తాను గానీ, నీ సంగతి నాకు తెలుసు, మడిచి బీరువాలో పెట్టేస్తావు. అందుకే ముందే ఫోటో తీసి అతనికి వాట్సాప్‌లో పంపేశాను. రెండు నీలం టిక్కులూ వచ్చాయి.

మీ అత్త