ఎంత చూపించింది?

వరుసగా మూడు ఇంటర్వ్యూల్లో వద్దన్నారని, చుట్టాల ఇంటికి వెళ్లాలన్నా ముఖం చెల్లడం లేదని, ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలని మీరు అడిగారు. మూడేనా అనాలనిపించింది కానీ అనను. ఏడు దాటాక నేను లెక్క పెట్టడం మానేశాను.

అద్దం ముందు నిలబడి 'నేను గెలుస్తాను' అని రోజూ పదిసార్లు అనుకోమని చెప్పేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. హనుమకొండలో అద్దె గదిలో ఉన్నప్పుడు నెల రోజులు అనుకున్నాను. పక్క గది కుర్రవాడు నవ్వడం తప్ప ఏమీ జరగలేదు. ఇక మా వైపు ఎవరు డీలా పడినా పెద్దవాళ్లు పీవీ గారి కథ ఎత్తుకుంటారు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన మనిషి, 1991 లోక్‌సభ ఎన్నికల్లో పోటీకే దిగకుండా ఢిల్లీలో సామాను సర్దుకున్న మనిషి, ఆ జూన్‌లోనే ప్రధాని అయ్యారు. నిజమే. కానీ అప్పటికే ఆయన ముఖ్యమంత్రిగా, కేంద్ర మంత్రిగా చేసి ఉన్నారు. బీకాం చదివి గది అద్దె కట్టలేనివాడికి ఆ కథ ఏ మూలకు వస్తుంది?

నాకు పనికొచ్చింది మా బాపు పత్తి బండి.

2023 డిసెంబరు. మిచౌంగ్ తుఫాను ముసురు అప్పుడే విడిచింది. నేను హైదరాబాదులో ఏడో ఇంటర్వ్యూ ముగించుకుని ఊరికి వచ్చాను. 'మేమే ఫోను చేస్తాం' అన్నారు. ఆ ఫోను ఇంకా వస్తూనే ఉంది. ఇంట్లో కూర్చోలేక బాపు వెంట పత్తి అమ్మడానికి బయలుదేరాను. ట్రాక్టరు ట్రాలీ నిండా పత్తి, పైన పరదా, ఆ పైన నేను. మద్దతు ధరకు కొనే కేంద్రం ముందు బండ్ల వరుస రోడ్డు దాకా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి వెళితే పదకొండుకు మా వంతు వచ్చింది. ఒకతను ట్రాలీ ఎక్కి, మోచేతి దాకా చేయి దించి లోపలి పత్తి గుప్పెడు లాగాడు. తేమ కొలిచే మిషను పెట్టి చూసి, "తీసుకెళ్లండి" అని దిగిపోయాడు. బాపు ముఖం కూడా చూడలేదు.

నాకు ఒళ్లు మండింది. ఆ పత్తి ఏరి ఏరి మా అమ్మ వేళ్ల చివర్లు చీరుకుపోయి ఉన్నాయి. నేను గొడవకు దిగబోతుంటే బాపు నా రెక్క పట్టి ఆపి, ఆ మనిషి వెనకే నాలుగడుగులు వేసి ఒక్క మాట అడిగాడు.

"ఎంత చూపించింది సార్?"

"పదహారు."

"పన్నెండు లోపల తెస్తే?"

"తెస్తే తీసుకుంటాం."

అంతే, బండి తిప్పమన్నాడు. తేమ ఎనిమిది శాతం దాకా ఉంటే పూర్తి ధర, ఆ పైన పెరిగిన కొద్దీ కోత, పన్నెండు దాటితే కొనరు. ఆ ఏడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,020 రూపాయలు. గేటు బయట ఒక ప్రైవేటు వ్యాపారి కాచుకుని ఉన్నాడు. వెనక్కి వచ్చే ప్రతి బండినీ ఆపి, ఈ సరుకు ఇంకెవరు కొంటారన్నట్టు ఒక ధర చెబుతున్నాడు. చాలామంది అక్కడే ఇచ్చేస్తున్నారు. బాపు బండి ఆపనివ్వలేదు.

ధర అంటే గుర్తొచ్చింది. పేపర్లో పడే మార్కెట్ ధర జెండా పాట ధర, అంటే ఆ రోజు వేలంలో పలికిన అన్నిటికంటే పెద్ద ధర. అది దక్కేది ఏ ఒకరిద్దరి సరుకుకో. మిగతావాళ్లు ఎంతకు అమ్ముకుని ఇంటికి పోయారో ఎవరూ అచ్చువేయరు. ఉద్యోగాలు వచ్చినవాళ్ల ఫొటోలు కూడలిలో ఫ్లెక్సీల మీద చూసి మీరు కుంగిపోతున్నారే, అది కూడా జెండా పాటే.

ఇంటికి తెచ్చి డాబా మీద, వాకిట్లో పరిచి మూడు రోజులు ఎండబెట్టాం. మధ్యాహ్నం తిరగేయడం, పొద్దు గూకక ముందే మంచు తగలకుండా ఎత్తడం నా పని. నాలుగో రోజు అదే మనిషి, అదే మిషను. పదకొండు చూపించింది. కోత పోను కొన్నారు. ట్రాక్టరు కిరాయి రెండుసార్లు పడింది, ఎండి బరువు తగ్గింది. అవన్నీ తీసేస్తే గేటు బయటి ధర కంటే ఎంత మిగిలిందంటే బాపు ఇప్పటికీ చెప్పడు.

తిరిగి వస్తూ అడిగాను, ఆ రోజు ముఖం చూడకుండా పొమ్మంటే కోపం రాలేదా అని. "నన్నెక్కడ పొమ్మన్నాడు? పత్తిలో నీళ్లను పొమ్మన్నాడు" అన్నాడు.

ఇప్పుడు నేను వరంగల్‌లో మందుల దుకాణాలు తిరిగి ఆర్డర్లు రాసుకునే పని చేస్తున్నాను. రోజుకు పాతిక దుకాణాలు ఎక్కితే పదిహేను చోట్ల వద్దంటారు. వద్దన్న ప్రతిచోటా ఎందుకని అడుగుతాను. సగం మంది చెబుతారు: గడువు తీరిన సరుకు మీరు వెనక్కి తీసుకోవడం లేదు, అప్పు వారానికి మించి ఇవ్వడం లేదు. అది పదహారు అని చెప్పినట్టు. వెళ్లి ఎండబెట్టుకోవచ్చు. ఊరికే చేయి ఊపేవాళ్ల గురించి రాత్రి ఆలోచించను. వాళ్ల దగ్గర మిషను లేదు. మిమ్మల్ని వద్దన్న ఆ మూడు చోట్ల ఎవరైనా అంకె చెప్పారా? చెప్పకపోతే ఒకసారి అడిగి చూడండి, జవాబు రాకపోతే వదిలేయండి. ఇది తప్పని ఇంతవరకు నాకెవరూ నిరూపించలేదు.

చుట్టాల సంగతి అన్నారు కదా. పోయిన మాఘంలో పరకాల వైపు ఒక సంబంధం చూశాం. అమ్మాయి నాకు నచ్చింది. వారం తర్వాత మధ్యవర్తి వచ్చి, వాళ్లు ఇష్టపడడం లేదని నసిగాడు. అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. బాపు కాసేపు ఊరుకుని, "ఎంత చూపించిందట?" అన్నాడు.

మధ్యవర్తి తెల్లబోయాడు. "కట్నం మాట దాకా రానేలేదన్నా" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది.